గోడ ఆరేదాకా

ఆ ఏప్రిల్లో షార్జాలో కురిసిన వాన గురించి ఇక్కడ ప్రతి ఇంటికీ చెప్పుకోదగ్గ కథ ఒకటుంది. ఒకరి కారు తేలుతూ వెళ్ళి పక్కవీధిలో ఆగింది. ఒకాయన రెండు రోజులు ఆఫీసు బల్లమీదే కాపురం చేశాడు. ఇంకొకరింటికి పాలపాకెట్లు పడవలో వచ్చాయి. మాకు గోడ ఉబ్బింది.

ఇటుకగోడ కాదు, చెక్కగోడ. మేముండేది పాతకాలపు విల్లా. ముందువైపు మజ్లిస్, అంటే అరబ్బులు అతిథుల్ని కూర్చోబెట్టుకునే పెద్దగది. దానికి విడిగా ఓ తలుపు, ఓ బాత్రూము. వెనకవైపు హాలు, వంటిల్లు, పడకగది. హాలుకీ మజ్లిస్‌కీ మధ్య తలుపుల్లేని వెడల్పాటి దారి ఉండేది. ఆ దారిని నిండా మూసేస్తూ నాలుగేళ్ళ కిందట మా ఆయన త్రిమూర్తులుగారు కట్టిన గోడ అది. ఇవతల మేమిద్దరం. అవతల మా మరిది అప్పాజీ, తోటికోడలు దేవి. ఆ నాలుగేళ్ళూ అన్నదమ్ములు మాట్లాడుకోలేదు.

ఆస్తి తగాదా అనుకునేరు. అంత గౌరవమైన కారణం మావాళ్ళకి దొరకలేదు.

కరోనా వచ్చిన మొదటి ఏడాది సంగతి. అప్పటికి గోడ లేదు. ఒకే పొయ్యి, ఒకే టీవీ. అప్పాజీ ఓరోజు జ్వరంతో వచ్చాడు. ఆసుపత్రులన్నీ నిండిపోయాయి, ఇంట్లోనే విడిగా పెట్టుకోమన్నారు. "నేనూ ఉంటాను" అని దేవి మూతికి గుడ్డ కట్టుకుని మొగుడితోపాటు మజ్లిస్‌లోకి వెళ్ళిపోయింది. మా ఆయన ఆ సాయంత్రమే ఫ్యాక్టరీ నుంచి ప్యాకింగు పెట్టెల ప్లైవుడ్ మోసుకొచ్చాడు. కట్టెలతో చట్రం నిలబెట్టి, డ్రిల్లు పట్టుకుని ప్లైవుడ్ బిగించేశాడు. పెట్టెల చెక్క కదా, దానిమీద పైకి చూసే బాణాలూ, పగిలిన గ్లాసు బొమ్మా అలాగే ఉండిపోయాయి. జాగ్రత్తగా పట్టుకోండి, తలకిందులు చేయకండి అని మా హాలు నాలుగేళ్ళు చెబుతూనే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు.

అప్పాజీ బతికి బయటపడ్డాడు. గోడ మాత్రం కదల్లేదు.

"నేను ఊపిరందక కొట్టుకుంటుంటే అవతల డ్రిల్లు చప్పుడు," అన్నాట్ట దేవితో. "పెట్టెలో పెట్టి మూత బిగిస్తున్నట్టే ఉంది నాకు. బిగించినవాడే వచ్చి విప్పాలి."

మా ఆయన మాట వేరు. "వాడు ఒక్కసారి నోరు తెరిచి అన్నయ్యా అంటే విప్పనా? అనమను."

అడిగేవాడు అడగడు, విప్పేవాడు విప్పడు. నెల తిరిగేసరికి అప్పాజీ పౌరుషంకొద్దీ తనవైపునా తెల్లబోర్డు కొట్టుకున్నాడు. గోడకి గోడ, మజ్లిస్ మూల వేరే పొయ్యి.

నాకూ దేవికీ ఏ తగాదా లేదు. ఉన్నా గోడ చాటున పెట్టుకుంటే చూసేదెవరు? అప్పాజీ బోర్డు కొడుతున్న రోజున దేవి, "వెంకన్నబాబు పటానికి ఇక్కడో గూడు వదలండి" అంది. దేవుడి పేరు చెబితే అప్పాజీ కాదనడు. సరిగ్గా ఆ గూటి వెనకాలే మావైపు ప్లైవుడ్‌కి, పెట్టెగా ఉన్నప్పుడెప్పుడో కోసిన చదరపు కంత ఒకటుంది. మా ఆయన దానిమీద ఓ చెక్కముక్క వేసి నాలుగు స్క్రూలు బిగించాడు. నేను దానిమీద సూపర్‌మార్కెట్టు వాళ్ళిచ్చిన క్యాలెండరు తగిలించాను. మగవాళ్ళిద్దరూ డ్యూటీకి వెళ్ళగానే నేను కూరగాయల కత్తి మొనతో స్క్రూలు తిప్పేదాన్ని. అవతల దేవి స్వామికి దండం పెట్టుకుని పటం పక్కకి జరిపేది. ఆ కంతలోంచి నాలుగేళ్ళు గిన్నెలు నడిచాయి, మాటలు నడిచాయి, ఓసారి ఆవిడకి పంటినొప్పి వస్తే లవంగనూనె నడిచింది.

"మీ గోంగూర వెంకన్నబాబు వెనకాల్నించి వస్తుంటే ప్రసాదంలాగుంటుందక్కా," అనేది.

దేవి పప్పుచారుకి తిరుగులేదు. అది మంగళవారం వచ్చేది.

"ఇవాళ పప్పుచారు అదిరిందోయ్," అనేవాడు మా ఆయన రెండోసారి వడ్డించుకుంటూ.

"ఏదో, మీ అభిమానం," అనేదాన్ని.

అవతల అప్పాజీ, మా ఆవిడకి ఈమధ్య భక్తి ముదిరిందనీ, పటం దగ్గరనుంచి లేవడం లేదనీ ఫోన్లో స్నేహితులకి చెప్పుకుని మురిసిపోయేవాడట.

మా ఆయన గురించి ఒక సంగతి చెప్పి ముందుకెళ్తాను. ఇండస్ట్రియల్ ఏరియాలో అల్యూమినియం ఫ్యాక్టరీలో ఆయన మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. యంత్రం లోపల ఏం జరుగుతోందో చెవితో విని చెప్పడం ఆయన విద్య. జేబులో ఎప్పుడూ జానెడు రాగిగొట్టం ముక్క ఉంటుంది. ఒక కొన యంత్రానికి ఆనించి, రెండో కొన చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. ఇంట్లోనూ అంతే. ఫ్రిజ్ని విన్నాడు, వాషింగ్ మెషీన్ని విన్నాడు, నా మిక్సీని విని "ఇది రంజాన్ దాటదు" అన్నాడు, దాటలేదు. ఆ గొట్టం ఏనాడూ నావైపు తిరగలేదు. అడిగితే, నువ్వు గొట్టం లేకుండానే వినిపిస్తావన్నాడు.

ఇహ వాన సంగతి. మోకాటిలోతు నీళ్ళు ఇల్లంతా నిలిచాయి. అన్నగారు తన గుమ్మంలోంచి బకెట్లతో తోడి బయటపోస్తే అవి చుట్టుతిరిగి తమ్ముడి గుమ్మంలోకి వెళ్ళేవి. తమ్ముడు తోడితే అన్నగారింటికి వచ్చేవి. ఇద్దరూ పొద్దస్తమానం ఆ నీళ్ళనే తోడుకున్నారు, ఒక్కమాట లేకుండా. చివరికి మునిసిపాలిటీ ట్యాంకరు వచ్చి పీల్చుకుపోయింది. అప్పటికి గోడ కిందిసగం నల్లబడి, పొరలు విచ్చుకుని, ముట్టుకుంటే చెమ్మ.

వడ్రంగి నబీ రసూల్‌ది ప్రొద్దుటూరు. ఆ నెల షార్జాలో డాక్టరు దొరికేవాడేగానీ వడ్రంగి దొరికేవాడు కాదు. బతిమాలితే ఆదివారాలు మాత్రం వస్తానన్నాడు. వచ్చి గోడని బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి పోయింది.

"ఇది గోడ కాదు మేడమ్, చాయ్‌లో ముంచిన రొట్టె," అన్నాడు. "రెండు పక్కలా పాత చెక్క పీకేయల్ల. లోపల చట్రం బాగా ఆరల్ల. అప్పుడు కొత్త ప్లై కొట్టి, దానిమీద జిప్సం బోర్డు బిగిస్తే ఖలాస్. మధ్యలో దూది గూడా కూరినామంటే అవతల పెండ్లి చేసినా ఇవతలికి వినపడదు." మా ఆయన మొహంలోకి చూశాడు. "లేదంటే మొత్తానికే తీసిపారేయండి సార్. అసలు ఈడ గోడ ఎందుకు?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అవతలివాళ్ళేమంటారో కనుక్కో."

నబీ రసూల్ బయటికెళ్ళి, ఇంటి చుట్టూ తిరిగి మజ్లిస్ తలుపు కొట్టాడు. కంతలోంచి వినే అలవాటున్నదాన్ని కాబట్టి అవతలి మాటలు నాకు బాగానే వినిపించాయి.

"గోడ ఉంచాల్నా తీసేయాల్నా అంటాండారు సార్."

"గోడ కట్టింది ఎవరండీ? ఆయన్నే అడగండి," అన్నాడు అప్పాజీ. "ఆయనిష్టం."

బురద తొక్కుకుంటూ నబీ రసూల్ మళ్ళీ వచ్చాడు. "మీ ఇష్టమంట సార్."

"వాడికి అక్కర్లేదని నోటితో అన్నాడా?"

"అనలేదు సార్."

"అయితే అడుగు."

మూడోసారి తిరిగొచ్చేసరికి ఆ మనిషి చెప్పులకి బురద అట్టలు కట్టింది. "సార్, మీరు పెద్దోళ్ళు. ఒక మాట చెప్పేసేయండి. ఈ చుట్టూ తిరిగే దూరానికి నేను అజ్మాన్ పోయి వచ్చుందును."

"సరే, కొట్టెయ్. జిప్సం బోర్డే కొట్టెయ్," అన్నాడు మా ఆయన, ఎవరో బలవంతంగా సంతకం పెట్టించుకున్నట్టు.

అట్లా ఇద్దరికీ అక్కర్లేని గోడ ఒకటి ఇద్దరి అనుమతితో ఖాయమైంది.

మర్నాడు క్యాలెండరు తీసి కంత తెరిస్తే వెంకన్నబాబు స్థానంలో దేవి మొహం కనిపించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దూది కూడా పెడతారంట కదక్కా?"

"పెడితే పెట్టనీ. మనకి కత్తి ఉంది."

"నవ్వకక్కా. ఈయన రువైస్‌లో ఉద్యోగం చూసుకున్నారు. రిఫైనరీ వాళ్ళు క్వార్టర్సు ఇస్తారంట. అన్నయ్య గోడ పక్కా చేశాడంటే ఇంక మనల్ని పొమ్మన్నట్టే, వెళ్ళిపోదాం అంటున్నారు. ఎడారిలో ఆ చివరన ఎవరున్నారక్కా నాకు? పటం వెనకాల చూస్తే గోడే ఉంటుంది."

నేను గిన్నె అందివ్వబోయి చెయ్యి అక్కడే ఆపేశాను. రువైస్ ఇక్కడికి దగ్గరేం కాదు. అబూధాబీ దాటి, ఇంకా అంత దూరం పోవాలి. అంతదూరం నడిచే గిన్నె నా దగ్గర లేదు.

"చట్రం బాగా ఆరాక గానీ బోర్డు కొట్టనన్నాడు నబీ రసూల్," అన్నాను.

"అయితే?"

"ఆరకూడదు."

దేవి కళ్ళు తుడుచుకుని, "ఆయ్," అంది.

ఆ తర్వాతి ఆదివారమే పాత చెక్క పీకేశారు. ముందు తెల్లబోర్డు, తర్వాత మా బాణాల ప్లైవుడ్. షీట్లన్నీ పెరట్లో ప్రహరీకి ఆనించారు. మా కంతకున్న ముక్క షీటుతోపాటే పోయింది కాబట్టి బయటపడలేదు. ఇంట్లో మిగిలింది నిలువు కట్టెల చట్రం ఒక్కటే. కట్టెకీ కట్టెకీ మధ్య మనిషి పక్కకి తిరిగి పట్టేంత సందు. నాలుగేళ్ళ తర్వాత రెండిళ్ళూ ఒకదానికొకటి కనబడ్డాయి. అవతల మజ్లిస్‌లో సోఫా, ఇవతల మా సోఫా, ఎదురెదురుగా. రైల్లో ముఖాముఖి సీట్లు పడ్డ పరాయివాళ్ళలాగా అన్నదమ్ములిద్దరూ కూర్చునేవారు. ఒకరు పేపరు తీస్తే ఇంకొకరు ఫోను తీసేవారు.

రెండు టీవీల్లో ఒకే వార్తలు. మా టీవీ రెండు మాటలు వెనక. అవతల మంత్రిగారు రాజీనామా చేశాక మా మంత్రిగారు తీరిగ్గా చేసేవాడు. రెండోరోజు మా ఆయన విసుక్కుని మా టీవీ గొంతు తగ్గించేశాడు. బొమ్మ మాది, మాట వాళ్ళది. అలాగే చూశాం. మర్నాడు వార్తల వేళకి అప్పాజీ తన టీవీ గొంతు కాస్త పెంచడం చూశాను. తనకి వినబడదని పెంచుకున్నాడో, మాకు వినబడాలని పెంచాడో నేనడగలేదు.

ఏసీల సంగతీ అంతే. అప్పాజీకి గది ఫ్రిజ్‌లా ఉండాలి. మా ఆయనకి చలి పడదు. చలిగాలి కట్టెల సందుల్లోంచి బారులు తీరి మా హాల్లోకి వచ్చేది. మా ఆయన శాలువా కప్పుకుని కూర్చునేవాడు. "వాణ్ణి తగ్గించమని చెప్పు" అని నాతో అనేవాడు కాదు. నేను చెబితే వాళ్ళతో మాట్లాడినట్టవుతుంది. ఓరోజు సాయంత్రం శాలువా దొరక్క తుమ్మాడు. అవతల రిమోట్ కూసింది. గాలి తగ్గింది. ఇద్దరూ తలెత్తలేదు.

అన్నిటికంటే విడ్డూరం, ఆ కట్టెల సందుల్లోంచి ఎవరూ దాటకపోవడం. దేవి నిమ్మకాయ అడగడానికి కూడా మగవాళ్ళుంటే చాటుగా ఇంటి చుట్టూ తిరిగి వచ్చేది. లేనిగోడకి మేమంతా ఎంత మర్యాద చేశామో చెప్పలేను.

వాళ్ళు డ్యూటీకి వెళ్ళాక మాత్రం మాకు పనుండేది. చెంబుతో నీళ్ళు తెచ్చి చట్రం కట్టెల మొదట్లో పోసేవాళ్ళం. దేవి పాతచీర తడిపి కట్టెలకి చుట్టేది, సాయంత్రానికి విప్పేసేది. శనివారాలు ఓ చెంబు ఎక్కువ.

మొదటి ఆదివారం నబీ రసూల్ కట్టె నొక్కి, "ఇంకా పచ్చిగా ఉండాది" అని వెళ్ళిపోయాడు. రెండో ఆదివారం నొక్కి తల గోక్కున్నాడు. మే నెల నడుస్తోంది, బయట బట్టలు తాడుమీద వేసి గుమ్మం చేరేలోపల ఆరిపోతున్నాయి. మూడో ఆదివారం వంగి, కట్టె మొదట్లో వేలు పెట్టి, ఆ వేలు వాసన చూశాడు.

"ఏంది మేడమ్, ఈ కట్టెకి జాజిపూల సబ్బు వాసన వస్తాండాది?"

దేవి చీర సబ్బునీళ్ళలో నానబెట్టింది కాబోలు. నేను చూపు తప్పించాను. నబీ రసూల్ నన్ను చూశాడు, అవతల నిలబడ్డ దేవిని చూశాడు. గెడ్డం నిమురుకున్నాడు.

"నాకు ఇద్దరు వదినలు," అన్నాడు మెల్లగా. "తెలుసు నాకు. కానీ మీ సార్ రోజూ ఫోన్ చేస్తాండాడు. వచ్చే ఆదివారం తడిదో పొడిదో, నేను బోర్డు కొట్టాల్సిందే."

ఆ మధ్యలోనే రువైస్ వాళ్ళు అప్పాజీకి కబురు పెట్టారు. సరేనంటే జూన్‌లో చేరాలి. దేవి అటక మీది సూట్‌కేసు దించింది. కట్టెల సందుల్లోంచి మా హాల్లోకి కనబడేలాగే దించింది. మా ఆయన ఆ సూట్‌కేసు వైపు చూసి, ఫ్రిజ్ దగ్గరికెళ్ళి గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. ఫ్రిజ్‌కి ఏ రోగమూ లేదు.

ఆ ఆదివారం కొత్త ప్లై, జిప్సం షీట్లు, దూది మూటలు వచ్చాయి. మగవాళ్ళిద్దరూ ఎవరిళ్ళలో వాళ్ళు నిలబడ్డారు. నబీ రసూల్ పెరట్లోంచి మా పాత బాణాల షీటు మోసుకొచ్చి, నేలమీద కొత్త షీటు పరిచి, దానిమీద పాతది పెట్టాడు. వాళ్ళ పని తీరు అంతే. కొత్త లెక్కలు వేయరు, పాతదాని చుట్టూ పెన్సిల్ గీసి కోసేస్తారు.

గీస్తూ గీస్తూ ఆగాడు. "ఈడ చదరంగా కోసి ముక్క వేసినారు. కొత్తదాంట్లోనూ ఇది కావాల్నా?"

దేవి ఊపిరి బిగబట్టడం నాకిక్కడికి వినబడింది.

"అది ఏసీ పైపు కోసం," అన్నాను. "ఉంచండి. రేపెప్పుడైనా పనికొస్తుంది."

"ఏసీ పైపు ఆ ఎత్తులోనా?" అన్నాడు మా ఆయన.

"మీకన్నీ కావాలి," అన్నాను.

నబీ రసూల్ ఇంకొంచెం కిందికి జరిగాడు. మళ్ళీ ఆగాడు. "మరి ఇదేంది? ఈ అడుగున బెజ్జం ఉండాది. వైరు లేదు, పైపు లేదు. లోపల ఏదో ఇరికించినారు." వేలితో తట్టాడు. "రాగిగొట్టం ముక్క."

మా ఆయన కిటికీ వైపు తిరిగి పరదా సర్దడం మొదలుపెట్టాడు. "అది... అప్పుడేదో అవసరపడింది. మూసెయ్."

నాకూ అర్థం కాలేదు. ఆ గోడ కట్టిన కొత్తలో ఆయన మంచం వదిలేసి హాల్లో, గోడ వారగా, కటికనేలమీద పడుకునేవాడు. ఎందుకండీ అంటే ఇక్కడ చల్లగా ఉందన్నాడు. ఓ తెల్లవారుఝామున డ్రిల్లు చప్పుడుకి లేచి అడిగితే, స్క్రూ వదులైందన్నాడు. నేను నమ్మాను. ఆ రోజుల్లో ఎవరికి ఏది వదులవుతోందో తెలిసేది కాదు.

అవతలనుంచి అప్పాజీ గొంతు వచ్చింది. మావైపు తిరిగి ఆ గొంతు మాట్లాడి నాలుగేళ్ళయింది. అయినా మాట నబీ రసూల్‌తోనే. "భాయ్, ఆ షీటు ఒక్కసారి ముందున్నచోట నిలబెడతారా?"

"ఎందుకు సార్? పారేసేది కదా."

"ఒక్కసారి."

నబీ రసూల్ షీటెత్తి చట్రానికి ఆనించాడు. పాత స్క్రూల గుర్తులు సరిగ్గా కుదిరాయి. అప్పాజీ ఆవైపున మోకాళ్ళమీద కూర్చున్నాడు. షీటు అడ్డం కాబట్టి నాకు కనబడలేదు. షీటు పక్కనుంచి తొంగిచూశాను. ఆ బెజ్జం నేలకి జానెడెత్తున ఉంది. జ్వరంలో అప్పాజీ పరుపు వేసుకున్నది ఆ మూలే. తలగడ ఎత్తు అదే.

అప్పాజీ గొట్టం ముక్కని చూపుడువేలితో మెల్లగా తిప్పి బయటికి లాగి, చొక్కా జేబులో వేసుకున్నాడు. లేచి, మజ్లిస్ అవతలి చివరికి వెళ్ళిపోయాడు. మా ఆయన ఇంకా పరదానే సర్దుతున్నాడు.

"ఏమైంది?" అన్నాడు నబీ రసూల్ నాతో.

"ఏం లేదు. మీకు నమాజు వేళయినట్టుంది," అన్నాను.

"అవును మేడమ్. వచ్చినాక మొదలుపెడతా. సాయంత్రానికి ఖలాస్."

నబీ రసూల్ అటు వెళ్ళాడో లేదో, అప్పాజీ గుండ్రంగా చుట్టిన పరుపొకటి భుజాన వేసుకుని వచ్చాడు. వెనకాల దేవి, తలగడతో, ఏమీ అర్థంకాని మొహంతో. సందులోంచి షీటు పక్కకి నెట్టేసి, చట్రానికి ఆనించి ఆ మూల పరుపు పరిచాడు. మిట్టమధ్యాహ్నం, కొత్త బోర్డులూ దూది మూటలూ అడ్డదిడ్డంగా పడి ఉన్న ఆ గదిలో, దుప్పటి గొంతుదాకా లాక్కుని పడుకున్నాడు.

మా ఆయన ఇటు తిరిగాడు.

"అక్కడ పనుంది," అన్నాడు. ఎవరితోనో తెలీకుండా అన్నాడు.

"జ్వరంగా ఉంది," అన్నాడు అప్పాజీ, కప్పు వైపు చూస్తూ.

దేవి నావైపు చూసింది. నేను కదలొద్దని కళ్ళతోనే చెప్పాను.

మా ఆయన కట్టెల దాకా వచ్చాడు. ఒక్కక్షణం అక్కడ ఆగాడు, తలుపు తట్టాలా వద్దా అని ఆలోచించేవాడిలాగా. తర్వాత పొట్ట లోపలికి పీల్చుకుని, పక్కకి తిరిగి, రెండు కట్టెల సందులోంచి అవతలికి దూరాడు. ఒక చొక్కా గుండీ తెగి మావైపు పడింది. తమ్ముడి పక్కన నేలమీద కూర్చుని, అరచెయ్యి తీసుకెళ్ళి నుదుటిమీద పెట్టాడు. వెంటనే తియ్యలేదు.

"జ్వరం లేదురా."

"పొద్దున ఉంది."

"దగ్గేమన్నా?"

"ఏమో. నువ్వే విను," అన్నాడు అప్పాజీ.

మా ఆయన చెయ్యి నుదుటిమీంచి తీసి తమ్ముడి ఛాతీమీద పెట్టాడు.

"రాత్రంతా గురగురమనేది," అన్నాడు చివరికి. "అది ఆగితేనే భయమేసేది."

నేను వంటింట్లోకి వచ్చేశాను. కుక్కర్ పెట్టాలి, నలుగురికి. పనివాడితో అయిదుగురికి.

నబీ రసూల్ తిరిగొచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ పరుపుమీద గోడకి, అదే, గోడ ఉండాల్సిన చోటికి వీపు పెట్టి కూర్చుని టీవీ చూస్తున్నారు. ఒక్క టీవీయే.

"యల్లా సార్, లేవండి. పని మొదలుపెడదాం."

"స్క్రూడ్రైవర్ ఇటివ్వు," అన్నాడు మా ఆయన.

స్క్రూలన్నీ తుప్పుపట్టి మొండికేశాయి. మా ఆయన తిప్పుతుంటే చట్రం మొత్తం ఊగిపోయింది. బిగించినవాడే విప్పాడు, కాకపోతే కట్టె కదలకుండా పట్టుకోవడానికి రెండోవాడు కావలసివచ్చింది. సాయంత్రానికి కట్టెలన్నీ పెరట్లో ఉన్నాయి. నబీ రసూల్ మా నేలమీద బాసింపట్టు వేసుకుని దేవి పప్పుచారుతో అన్నం తింటూ, "మూడు వారాలు తడి కట్టె నొక్కినందుకు ఇది చాలు," అన్నాడు. "ఈ కొత్త బోర్డులేం చేయల్ల మరి?" వానకి దేవి బాత్రూము పైకప్పు ఊడింది, అది కప్పమన్నాం.

పాత షీటు విరగ్గొడుతూ మా ఆయన ఆ చదరపు ముక్క దగ్గర ఆగాడు. నాలుగు స్క్రూలు విప్పి అరచేతిలో వేసుకుని, వెలుతురులో తిప్పి చూశాడు.

"మిగతావన్నీ తుప్పు. ఈ నాలుగే మెరుస్తున్నాయేంటి? రోజూ ఎవరో తిప్పినట్టు?"

నేను దేవి వైపు చూశాను. దేవి వెంకన్నబాబు వైపు చూసింది.

ఆయన పప్పుచారు గిన్నె వైపు చూశాడు. వేలితో వారాలు లెక్కపెట్టాడు. "మంగళవారాలేనా?"

"ఆదివారం తప్ప అన్నీనండి బావగారూ," అంది దేవి.

అప్పాజీ రువైస్ వాళ్ళకి ఏం చెప్పాడో నేను వినలేదు. సూట్‌కేసు మాత్రం మళ్ళీ అటకెక్కింది. ఇప్పుడు ఒకే పొయ్యి, ఒకే టీవీ. గిన్నెలు అందరూ చూస్తుండగానే నడుస్తున్నాయి. "ఏమైనా అక్కా, కంతలోంచి వచ్చినప్పటి రుచి లేదు," అంటుంది దేవి. నిజమే, నాకూ అలాగే ఉంది.

వారానికోసారైనా మా ఆయన జేబులు తడుముకుని, "నా గొట్టాల్లో ఒకటి తక్కువైంది, ఎక్కడన్నా చూశావా?" అంటాడు. అది వెంకన్నబాబు పటం పక్కన, కుంకుమభరిణె వెనకాల ఉంటుంది. అప్పాజీ పెట్టాడు.

చూళ్ళేదంటాను. నాలుగేళ్ళ అలవాటు.